పుట్టికి ఎంత మిగిలింది? లాభం పెంచుకోవడానికి ఒక బియ్యం మిల్లు ప్లాను

సంక్రాంతి వెళ్లిందంటే మా కోవూరు, బుచ్చిరెడ్డిపాలెం వైపు మిల్లుల్లో ఒకటే ప్రశ్న: "ఈ ఏడు ఎన్ని పుట్లు కొంటున్నారు?" బ్యాంకు వాళ్లు అడిగేదీ అదే, బ్రోకర్లు అడిగేదీ అదే, పెళ్లిళ్లలో ఎదురుపడిన తోటి మిల్లర్లు అడిగేదీ అదే. పుట్టికి ఎంత మిగులుతోందని మాత్రం ఎవరూ అడగరు. మా మామయ్య మిల్లు లెక్కలు నా చేతికి ఇచ్చినప్పటి నుంచి వచ్చే ఏడాది ప్లాను నేను ఈ రెండో ప్రశ్నతోనే మొదలుపెడుతున్నాను. దాన్ని ఎలా వేస్తానో, ఏ అంకె ఎక్కడి నుంచి తీస్తానో ఇక్కడ వివరంగా రాస్తాను. చిన్న కంపెనీ నడిపే ఎవరికైనా పనికొస్తుందని నా నమ్మకం.

బియ్యం వ్యాపారంలో టర్నోవర్ చాలా పెద్దగా కనిపిస్తుంది. కోట్లలో సరుకు వస్తుంది, కోట్లలో పోతుంది. చివర్లో చేతిలో నిలిచేది నూటికి రూపాయి, రెండు రూపాయలు. ఇలాంటి చోట "ఈ ఏడు టర్నోవర్ పది శాతం పెంచుదాం" అనుకోవడం ప్లాను కాదు. పది శాతం ఎక్కువ కొని, పది శాతం ఎక్కువ వడ్డీ కట్టి, లాభం మాత్రం నిరుటి దగ్గరే ఆగిపోయిన మిల్లులు మా చుట్టుపక్కలే ఉన్నాయి.

ముందు ఒక్క పుట్టి లెక్క

మా నెల్లూరు జిల్లాలో పుట్టి అంటే 850 కిలోల ధాన్యం. లెక్కంతా ఒక్క పుట్టికి వేయండి. సంవత్సరం మొత్తానికి వేస్తే తప్పులన్నీ పెద్ద అంకెల్లో కలిసిపోతాయి. ఒక్క పుట్టికి వేస్తే యాభై రూపాయల తేడా కూడా కంటికి కనపడుతుంది.

కింది లెక్కలో రేట్లు అర్థం కావడానికి గుండ్రంగా వేసినవే. మీ రేట్లు మీరు వేసుకోండి. 2025-26కి కేంద్రం ప్రకటించిన మద్దతు ధర సాధారణ రకానికి క్వింటాలు 2,369 రూపాయలు, ఏ గ్రేడుకు 2,389. అంటే ఏ గ్రేడు పుట్టి 20,300 దాకా పడుతుంది. లెక్క తేలికగా ఉండటానికి 20,000 అనుకుందాం.

ధాన్యం 17 శాతం తేమతో వచ్చిందనుకోండి. దాన్ని 14 శాతానికి ఆరబెడితే 850 కిలోలు 820 అవుతుంది. ఆ 820 ఆడిస్తే నూటికి 66 చొప్పున 541 కిలోల బియ్యం వచ్చింది. అందులో విరగని బియ్యం 455 కిలోలు, నూకలు 86. తవుడు 60 కిలోలు, ఊక 165. మిగతాది తాలు, దుమ్ము.

బియ్యం కిలో 42 చొప్పున 19,110. నూకలు 24 చొప్పున 2,064. తవుడు 20 చొప్పున 1,200. ఊక 4 చొప్పున 660. మొత్తం 23,034 రూపాయలు.

ఇక ఖర్చు. ధాన్యం 20,000. మిల్లుకు చేర్చడానికి లారీ బాడుగ, హమాలీ 450. కరెంటు 300. సంచులు 315. అమ్మకం బ్రోకరేజీ, లోడింగు 250. ధాన్యం కొన్న రోజు నుంచి బియ్యం డబ్బు చేతికి వచ్చేదాకా మూడు నెలలు అనుకుంటే, 10 శాతం వడ్డీకి 500. కలిపితే 21,815.

మిగిలింది 1,219 రూపాయలు. ఈ అంకెను పెద్దగా రాసి ఆఫీసు గోడకు అంటించండి. ఇక నుంచి మిల్లులో ఏ నిర్ణయం తీసుకున్నా ఈ 1,219 పెరుగుతుందా తరుగుతుందా అన్నదే చూడాలి.

చాలామంది వడ్డీని ఈ లెక్కలో కలపరు. "అది బ్యాంకు ఖర్చు, వేరే" అంటారు. ధాన్యం కొట్లో కూర్చున్న ప్రతి రోజూ వడ్డీ నడుస్తూనే ఉంటుంది కాబట్టి అది ధాన్యం ఖర్చే. సొంత డబ్బుతో కొన్నా వడ్డీ వేసుకోవాల్సిందే. ఆ డబ్బు బ్యాంకులో ఉన్నా ఎంతోకొంత వచ్చేది కదా.

మీది మిల్లు కాకపోతే మీ "పుట్టి" ఏదో వెతుక్కోండి. చీమకుర్తిలో గ్రానైట్ ఫ్యాక్టరీ ఉన్నవాళ్లకు అది పాలిష్ అయిన చదరపు అడుగు. విడవలూరు, అల్లూరు వైపు రొయ్యల సాగు చేసేవాళ్లకు పట్టుబడిలో కిలో. మార్కాపురంలో పలకలు చేసేవాళ్లకు డజను పలకలు కావచ్చు. కొనే సరుకూ అమ్మే సరుకూ రెండూ దేనితో కొలిస్తే కలుస్తాయో అదే మీ కొలత.

ఆడినా ఆడకపోయినా వచ్చే ఖర్చు

జీతాలు, ఇన్సూరెన్సు, టర్మ్ లోను వడ్డీ, మిషన్ల తరుగుదల, ఆడిటర్ ఫీజు, కరెంటులో కనీస చార్జీ. ఇవి ఒక్క పుట్టి ఆడకపోయినా తప్పవు. మిల్లులో పని చేసే ఇంటి మనుషుల జీతం కూడా ఇందులో వేయాలి. మా ఇంట్లో మా ఆయన అమ్మకాలు చూస్తారు, మా మరిది కొనుగోళ్లు చూస్తాడు, నేను లెక్కలు చూస్తాను. బయటి మనిషిని పెట్టుకుంటే ఎంత ఇవ్వాల్సి వస్తుందో అంతా ముగ్గురి పేరనా రాస్తాం. అలా రాయకపోతే మన కష్టమే లాభంలా కనిపిస్తుంది.

ఇవన్నీ కలిపి ఏడాదికి 48 లక్షలు అనుకుందాం. 48 లక్షలను 1,219తో భాగిస్తే 3,938. ఏడాదిలో అన్ని పుట్లు ఆడేదాకా మిల్లు ఖర్చులకే పని చేస్తోంది. 3,939వ పుట్టి నుంచే లాభం. ఏడాదికి 5,000 పుట్లు ఆడితే మొత్తం మిగులు 60 లక్షల 95 వేలు, అందులో 48 లక్షలు పోను లాభం 12 లక్షల 95 వేలు. టర్నోవర్ చూస్తే 11 కోట్ల 51 లక్షలు!

కరెంటు గురించి ఒక్క మాట. హెచ్‌టీ (హై టెన్షన్) కనెక్షన్ ఉన్న మిల్లుకు నెలలో వాడిన గరిష్ఠ డిమాండు (ఒకేసారి లాగిన అత్యధిక లోడు) గానీ, కరెంటు కంపెనీతో ముందే ఒప్పుకున్న లోడులో (కాంట్రాక్ట్ డిమాండు) 80 శాతం గానీ, ఏది ఎక్కువైతే దానికి డిమాండు చార్జీ పడుతుంది. ఎప్పుడో కొత్త మిషన్ పెడదామని డిమాండు ఎక్కువ తీసుకుని వాడకుండా వదిలేసిన మిల్లులు నెలనెలా ఊరికే కడుతున్నాయి. మీ పన్నెండు నెలల బిల్లులు వరసగా పెట్టి గరిష్ఠ డిమాండు చూడండి. మోటార్లన్నీ ఒకేసారి ఆన్ చేసే అలవాటుంటే మాన్పించండి. మన దగ్గర హెచ్‌టీ బిల్లు కేవీఏహెచ్ (పనికి మారని కరెంటు కూడా కలిపి లాగిందంతా) లెక్కన వస్తుంది కాబట్టి కెపాసిటర్లు పాడైతే, వాడిన కరెంటు అంతే ఉన్నా బిల్లు పెరుగుతుంది. ఎలక్ట్రీషియన్ వచ్చినప్పుడల్లా పవర్ ఫ్యాక్టర్ (లాగిన కరెంటులో నిజంగా పనికొచ్చిన వంతు) ఎంతుందో అడిగి రాసుకోండి.

దేనికి ఎంత తేడా వస్తుంది

నన్నడిగితే ప్లానులో అసలు పని ఇక్కడే ఉంది. ఒక్కో విషయాన్ని కొంచెం కదిపి, మిగతావన్నీ అలాగే ఉంచి, లాభం ఎంత మారుతుందో చూడండి.

కొనుగోలు పది శాతం పెంచారు. అంటే 500 పుట్లు ఎక్కువ. లాభం 6 లక్షల 9 వేలు పెరుగుతుంది. దానికి కోటి రూపాయల ధాన్యం అదనంగా కొనాలి, గోడౌన్ కావాలి, అంత బియ్యం అమ్మే డీలర్లు కావాలి.

ఇప్పుడు కొనుగోలు పెంచకుండా, ఆరిన ధాన్యంలో నూటికి ఒక్క కిలో మాత్రం నూకలు కాకుండా విరగని బియ్యంగా వచ్చేలా చూసుకున్నారు. పుట్టికి 8.2 కిలోలు 24 రూపాయల సరుకు నుంచి 42 రూపాయల సరుకుకు మారింది. పుట్టికి 148 రూపాయలు, 5,000 పుట్లకు 7 లక్షల 40 వేలు. కోటి రూపాయల అదనపు కొనుగోలు కంటే ఈ ఒక్క కిలో ఎక్కువ ఇచ్చింది.

డబ్బు తిరిగే కాలం 30 రోజులు తగ్గించారు. పుట్టికి 164 రూపాయల వడ్డీ మిగిలింది. 8 లక్షల 20 వేలు.

అమ్మకాల్లో కిలోకు అర్ధ రూపాయి తగ్గించి ఇచ్చారు. పుట్టికి 227 రూపాయలు పోయాయి. ఏడాదికి 11 లక్షల 37 వేలు. అంటే ఏడాది లాభం దాదాపు మొత్తం పోయినట్టే. ఫోనులో డీలరు "అర్ధ రూపాయే కదన్నా, చూసెయ్" అన్నప్పుడు మా ఆయన ముందర ఈ అంకె ఉండాలని ఒక కాగితం మీద రాసి ఫోను పక్కనే పెట్టాను.

ఈ లెక్కలు వేసుకున్నాక దేని వెంట పడాలో ఎవరూ చెప్పక్కర్లేదు. మా మిల్లుకు వరస ఇలా వచ్చింది: తేమ, విరగడం, డబ్బు తిరిగే రోజులు, ఆ తర్వాతే ఎక్కువ కొనడం.

తేమ దగ్గర

కోత మిషన్ కోసిన ధాన్యం నేరుగా ట్రాక్టర్లో వచ్చేస్తే తేమ 20 దాటే ఉంటుంది. 17 శాతం రేటుకు 20 శాతం ధాన్యం కొంటే ఏమవుతుందో చూడండి. ఆరిన తర్వాత బరువు తెలుసుకోవడానికి సూత్రం ఇది: కొన్న బరువును, వందలోంచి కొన్నప్పటి తేమ తీసేసిన అంకెతో గుణించి, వందలోంచి ఆరిన తర్వాతి తేమ తీసేసిన అంకెతో భాగించాలి. 850ని 80తో గుణించి 86తో భాగిస్తే 790 కిలోలు. ఇందాక 820 వచ్చింది. 30 కిలోలు ఆవిరైపోయాయి. ఆరిన ధాన్యం కిలోకు మనకు వచ్చే రాబడి 28 రూపాయలు కాబట్టి పుట్టికి సుమారు 830 రూపాయలు పోయాయి. మన 1,219లో మిగిలింది 390 కంటే తక్కువ. ఆరబెట్టే ఖర్చు దీనికి అదనం.

అందుకని కొనుగోలు సీజన్లో మిల్లులో ముఖ్యమైన మనిషి కాటా దగ్గర తేమ చూసేవాడే. ఆ పని అలవాటుగా కుర్రాళ్లకు అప్పజెప్పి ఊరుకోకూడదు. మార్చిలో ఒక ఉదయం ఒక పెద్దాయన ట్రాక్టరు తెచ్చి, మీటరులో 20 చూసి గట్టిగా అడిగాడు: "ఏందమ్మా, నిన్న మా తమ్ముడి ధాన్యానికి 18 అన్నారు, నాకు 20 అంటున్నారే? ఇద్దరిదీ పక్కపక్క చేనే కదా." నేను ఆయన చేతనే ట్రాక్టరులో ఐదు చోట్ల, పైన, మధ్యలో, అడుగున గింజలు తీయించాను. పైన 18 వచ్చింది, అడుగున 21. దారిలో గాలికి పై పొర ఆరింది, లోపలిది ఆరలేదు. ఐదింటి సగటు 19.6. ఆయన మీటరు వంక ఒకసారి, నా వంక ఒకసారి చూసి, "సరేలే, 19.6కే రాయండి" అన్నాడు. ఆ తర్వాత నుంచి ప్రతి లోడుకూ ఐదు చోట్ల తీయడం, రైతు ఎదుటే మీటరు చూపడం, అంకెను కాటా చీటీ మీద రాయడం మా మిల్లులో నియమం అయింది.

తరుగు న్యాయంగా పట్టాలి. 17 దాటిన ప్రతి పాయింటుకూ పుట్టి మీద నిజంగా పోయేది సుమారు 10 కిలోలు. ఆ పది పట్టండి, ఆరబెట్టే ఖర్చు ఎంతో చెప్పి అది పట్టండి. అంతకంటే ఒక్క కిలో కూడా పట్టకూడదని నేను గట్టిగా నమ్ముతాను. తరుగు పేరుతో రైతు దగ్గర గుంజిన లాభం ఒక సీజనే వస్తుంది. మరుసటి సీజన్ మంచి ధాన్యం పక్క మిల్లుకు పోతుంది, ఎవరూ కొననిది మన గేటు దగ్గరికొస్తుంది. మన పెన్నా డెల్టాలో రైతులందరూ ఒకరికొకరు తెలిసినవాళ్లే, ఏ మిల్లు కాటా ఎలా ఉందో సాయంత్రానికల్లా ఊరంతా చెప్పుకుంటారు.

విరగడం దగ్గర

నూక ఎక్కువ వస్తే అందరూ మిషన్‌నే తిడతారు. సగం నూక ధాన్యం మిల్లుకు రాకముందే తయారవుతుంది. పగలు ఎర్రటి ఎండలో రోడ్డు మీద పల్చగా ఆరబోసి, రాత్రి మంచుకు అలాగే వదిలేస్తే గింజ లోపల పగుళ్లు పడతాయి. పైకి ఏమీ కనపడదు. కొనే ముందు ఒక గుప్పెడు గింజలు చేత్తో పొట్టు తీసి, వంద గింజలు లెక్కపెట్టి, వెలుతురుకు ఎదురుగా పెట్టి చూడండి. అడ్డంగా సన్నటి గీతలు కనపడితే అవి పాలిష్‌లో చాలావరకు విరుగుతాయి. వందకు ఎన్నింటికి గీతలున్నాయో కాటా చీటీ వెనక రాయండి. మా మరిది మొదట్లో "ఇంత తీరిక ఎవరికుంది వదినా" అనేవాడు. ఇప్పుడు రేటు మాట్లాడే ముందు తనే అడుగుతాడు, "గీతలెన్ని?" అని.

మన దగ్గర ఆరబెట్టేటప్పుడు కూడా అదే జాగ్రత్త. డ్రయ్యర్లో ఒకే దమ్మున 20 నుంచి 14కు దించొద్దు. కొంత ఆరాక ఆపి, కొన్ని గంటలు కుప్పగా ఉంచితే లోపలి తేమ పైకి వస్తుంది, అప్పుడు మళ్లీ ఆరబెట్టాలి. కాస్త ఆలస్యమవుతుంది గానీ గింజ నిలుస్తుంది.

మిల్లులో చూడాల్సినవి రబ్బరు రోళ్లు, పాలిషర్. రోళ్లు అరిగేకొద్దీ వాటి మధ్య సందు, ఒత్తిడి సరిచేయాలి, వేగంగా తిరిగే రోలునూ నెమ్మదిగా తిరిగే రోలునూ అప్పుడప్పుడూ మార్చి వేయాలి. నాలుగు రోజులు ఎక్కువ నడుస్తాయని అరిగిన రోళ్లనే లాగించే ఆపరేటరు మిగిల్చే డబ్బు ఎంత, ఆ నాలుగు రోజుల నూకలో పోయేది ఎంత? లెక్కేసి చూపిస్తే ఆపరేటరే "అమ్మా, కొత్తవి తెప్పించండి" అంటాడు. పాలిష్ విషయంలో డీలర్లు తెల్లగా కావాలంటారు, నిజమే. కానీ అవసరానికి మించి పాలిష్ చేస్తే బియ్యం తవుడుగా పోతుంది, గింజ కూడా విరుగుతుంది. ఏ డీలరుకు ఎంత తెలుపు కావాలో శాంపిల్ ప్యాకెట్లు కట్టి పాలిషర్ దగ్గర వేలాడదీయండి. బెంగళూరు లోడుకు చేసే పాలిష్ ఊళ్లో అమ్మే బియ్యానికి చేయక్కర్లేదు.

తవుడు ఏ రోజుది ఆ రోజు పంపించేయాలి. నిల్వ ఉన్నకొద్దీ అందులో ఆమ్లం పెరుగుతుంది, నూనె మిల్లు వాళ్లు రేటు తగ్గిస్తారు. నూకలు పెద్దవీ చిన్నవీ జల్లించి విడిగా అమ్మితే కలిపి అమ్మినదానికంటే మంచి రేటే వస్తుంది. పెద్ద నూకకు ఇడ్లీ రవ్వ వాళ్లున్నారు, చిన్నదానికి కోళ్ల మేత వాళ్లున్నారు.

డబ్బు తిరిగే రోజులు

ధాన్యం డబ్బు రైతుకు ఏ రోజు ఇచ్చాం, అది ఎన్ని రోజులకు ఆడాం, బియ్యం ఏ రోజు లారీ ఎక్కింది, డబ్బు ఏ రోజు ఖాతాలో పడింది. ఒక్కో లాటుకు ఈ నాలుగు తేదీలు రాస్తే చాలు. ఎక్కువ రోజులు ఎక్కడ పోతున్నాయో బయటపడుతుంది. మన జిల్లాలో పెద్ద పంట ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా ఒక్కసారిగా వచ్చి పడుతుంది, ఆ తర్వాత సోమశిల రిజర్వాయరులో నీళ్లుంటేనే ఎడగారు (రెండో పంట). కాబట్టి కొంత నిల్వ తప్పదు. ఎంత తప్పదో తెలుసుకుని, దానిపైన ఉన్నదాన్ని తగ్గించాలి.

పాత బియ్యానికి మంచి రేటు వస్తుందని నిల్వ పెట్టేవాళ్లకు ఒక లెక్క. ఇంకో ఆరు నెలలు పెడితే పుట్టికి వడ్డీ 1,000 రూపాయలు. 455 కిలోలతో భాగిస్తే కిలోకు 2 రూపాయల 20 పైసలు. నిల్వలో తరుగు, పురుగు మందు, గోడౌన్ అద్దె కలిపితే మూడు రూపాయలు దాటుతుంది. పాత బియ్యానికి కొత్తదానికంటే నాలుగైదు రూపాయలు ఎక్కువ వస్తుందని గట్టి నమ్మకం ఉన్న రకమే నిల్వ పెట్టండి. మిగతాది తిప్పేయండి.

బాకీల విషయంలో చట్టం మన వైపే ఉంది, వాడుకోవాలి. ఉద్యం రిజిస్ట్రేషన్ (చిన్న పరిశ్రమగా కేంద్రం దగ్గర నమోదు) ఉన్న సూక్ష్మ, చిన్న పరిశ్రమ అమ్మిన సరుకుకు రాతపూర్వక ఒప్పందం ఉంటే గరిష్ఠంగా 45 రోజుల్లో, లేకపోతే 15 రోజుల్లో డబ్బు ఇవ్వాలని 2006 నాటి ఎంఎస్ఎంఈ (సూక్ష్మ, చిన్న, మధ్యతరహా పరిశ్రమల) చట్టం చెబుతోంది. ఆలస్యమైతే రిజర్వు బ్యాంకు బ్యాంక్ రేటుకు మూడు రెట్లు, నెలవారీ చక్రవడ్డీ. 2023-24 ఆర్థిక సంవత్సరం నుంచి 1961 నాటి ఆదాయపు పన్ను చట్టంలో 43బి(హెచ్) అనే నిబంధన కూడా వచ్చింది. గడువు లోపల మనకు ఇవ్వకపోతే, నిజంగా చెల్లించిన ఏడాది దాకా ఆ కొనుగోలును ఖర్చుగా చూపించుకునే వీలు డీలరుకు ఉండదు. 2025 ఏప్రిల్ నుంచి టర్నోవర్ 100 కోట్ల దాకా, మిషనరీ పెట్టుబడి 25 కోట్ల దాకా ఉన్నవి చిన్న పరిశ్రమలే కాబట్టి మన మిల్లుల్లో చాలా మటుకు ఇందులోకి వస్తాయి. కోర్టుల దాకా పోనక్కర్లేదు. బిల్లు మీద ఉద్యం నంబరు, చెల్లించాల్సిన తేదీ అచ్చు వేయించండి. మార్చి వచ్చేసరికి డీలరు ఆడిటరే ఆయనకు గుర్తు చేస్తాడు. మనకు సంచులు అమ్మే చిన్న పరిశ్రమకు మనం బాకీ ఉన్నా ఇదే వర్తిస్తుందని మర్చిపోకండి.

ప్లాను కాగితం

ఇప్పుడు అంకెలు కలుపుదాం. విరగని బియ్యం ఒక కిలో పెరిగితే 148, రోజులు 30 తగ్గితే 164, తవుడు, నూకల రేటులో 40. కలిపితే పుట్టికి 352 రూపాయలు. నేను ప్లానులో ఇందులో సగమే రాస్తాను, 176. అనుకున్నవన్నీ అనుకున్న నెలలోనే జరగవు. 5,000 పుట్లకు 8 లక్షల 80 వేలు. జీతాలు, ఇన్సూరెన్సు పెరిగి ఆడినా ఆడకపోయినా వచ్చే ఖర్చు 48 నుంచి 51 లక్షలైంది. అంటే వచ్చే ఏడాది లాభం 18 లక్షల 75 వేలు. ఒక్క పుట్టి కూడా ఎక్కువ కొనకుండా 45 శాతం పెరుగుదల.

తర్వాత దీన్నే చెడగొట్టి చూడాలి. ధాన్యం పుట్టికి 500 పెరిగి బియ్యం రేటు కదలకపోతే? మిగులు 1,395 నుంచి 895కు పడుతుంది. 44 లక్షల 75 వేలు వస్తాయి, 51 లక్షలు కావాలి. ఆరు లక్షల పాతిక వేల నష్టం. అందుకే ప్లానులో కొనుగోలుకు ఒక గీత గీయాలి. 51 లక్షలు 5,000 పుట్ల మీద పంచితే పుట్టికి 1,020 రూపాయలు. కాబట్టి బియ్యం 42 ఉన్నప్పుడు ధాన్యానికి 20,375 దాకా పోవచ్చు. బియ్యం రూపాయి తగ్గితే గీత 455 కిందకు దిగుతుంది, రూపాయి పెరిగితే అంతే పైకి పోతుంది. గీత దాటిన రోజు కొనడం పూర్తిగా ఆపం. ఆర్డరు చేతిలో ఉన్నంత మేరకే కొంటాం, నిల్వకు కొనం. సీజన్ వేడిలో పక్క మిల్లు లారీలు వరస కట్టి ఉంటే చేతులు ఊరుకోవు. అప్పుడు కాగితం మీద ఉన్న గీతే మనల్ని ఆపుతుంది.

కొత్త మిషన్ కొనేముందు

డ్రయ్యర్ కొనాలా వద్దా అన్నది కూడా పుట్టి లెక్కలోనే తేలుతుంది. డ్రయ్యర్ 30 లక్షలు అనుకోండి. తడి ధాన్యానికి విరగని బియ్యం నూటికి రెండు కిలోలు పెరుగుతుందని అంచనా. అంటే పుట్టికి సుమారు 295. ఊక, కరెంటు, మనిషి ఖర్చు 100 తీసేస్తే 195. ఏడాదికి తడి ధాన్యం 2,000 పుట్లే వస్తే 3 లక్షల 90 వేలు. మొదటి ఏడాది వడ్డీయే 3 లక్షలు. ఇది కొనొద్దు. 4,000 పుట్లు వస్తే 7 లక్షల 80 వేలు, అప్పుడు ధైర్యంగా ఆలోచించవచ్చు.

ఒక్కటి గుర్తుంచుకోండి. ముందే ప్యాక్ చేసి లేబుల్ వేసిన 25 కిలోల దాకా ఉన్న బియ్యానికి 2022 జూలై 18 నుంచి 5 శాతం జీఎస్టీ ఉంది. అందుకే మన మార్కెట్లో 26 కిలోల సంచులు కనపడుతున్నాయి. పన్ను లేని అమ్మకం చేసేవాళ్లకు మిషన్ మీద, సంచుల మీద కట్టిన జీఎస్టీ వెనక్కి రాదు, అది ఖర్చే. కొటేషన్లో "ప్లస్ జీఎస్టీ" అని చివర్లో చిన్నగా రాసినదాన్ని కూడా మిషన్ ధరలో కలిపే లెక్క వేయండి. సూక్ష్మ ఆహార పరిశ్రమలకు పీఎంఎఫ్ఎంఈ అనే కేంద్ర పథకం కింద 35 శాతం, గరిష్ఠంగా 10 లక్షల సబ్సిడీని 2025-26 దాకా ప్రకటించారు. వ్యవసాయ మౌలిక సదుపాయాల నిధి కింద 2 కోట్ల దాకా రుణానికి 3 శాతం వడ్డీ రాయితీ ప్రకటించారు. అవి ఇంకా నడుస్తున్నాయో లేదో, మీ మిల్లు, మీ మిషన్ వాటి కిందకు వస్తాయో లేదో కొనకముందే బ్యాంకులో అడగండి. సబ్సిడీ తీసేస్తే కూడా లెక్క నిలబడే మిషన్లే కొనాలన్నది నా అభిప్రాయం.

వారం వారం

సోమవారం ఉదయం కాటా తెరవకముందు మేం ముగ్గురం, ఆపరేటరు, గుమాస్తా కూర్చుంటాం. ఒక్క పేజీ. పోయిన వారం ఆడిన పుట్లు, సగటు తేమ, నూటికి విరగని బియ్యం ఎంత, పుట్టికి యూనిట్లు ఎన్ని కాలాయి, 45 రోజులు దాటిన బాకీలు, పుట్టికి మిగులు. ప్లానులో అంకె పక్కన అసలు అంకె. తేడా పుట్టికి 50 రూపాయలు దాటితే కారణం అదే పేజీలో రాయాలి, ఎవరు ఎప్పటికి సరిచేస్తారో పేరు వేయాలి. తేడా లేకపోతే పది నిమిషాల్లో లేచిపోతాం.

విరగని బియ్యం ప్లాను కంటే ఎక్కువ వస్తే, ఆ పెరిగిన డబ్బులో పదో వంతు ఆపరేటరుకూ, కాటా దగ్గర తేమ చూసే మనిషికీ, డ్రయ్యర్ మనిషికీ పంచుతాం. ఒక జాగ్రత్త తీసుకున్నాం. నూక తగ్గించాలని పాలిష్ మరీ తగ్గిస్తే డీలరు సరుకు వెనక్కి పంపుతాడు. అందుకని లోడు వెళ్లి, డబ్బు పూర్తిగా జమయ్యాకే ఆ లాటును బోనస్ లెక్కలోకి తీసుకుంటాం. లాటు నంబర్లూ, ఎవరికి ఎంత వచ్చిందో పాలిషర్ పక్కన బోర్డు మీద రాసి పెడతాం. మూడు నెలలకోసారి లెక్క చూసి, డబ్బు జీతంతో కలపకుండా విడిగా కవరులో ఇస్తాం.